చప్పుడు రాని కొమ్ము

పదకొండు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలు, చాప పరిచాను, చాప మీద స్టీలు పళ్లెం పెట్టాను, పళ్లెంలో పది పసుపుకొమ్ములు, భూమిక చిటికెనవేలంత దాని నుంచి నా మధ్యవేలిని మించిన దాని వరకు, ఫోనును బియ్యం డబ్బాకి ఆనించి నిలబెట్టాను, జారకుండా ముందు ఒక ఇటుక అడ్డం పెట్టాను, చార్జింగు తొంభై ఒకటి, గంటకి ఎంత పోతుంది, పోయినవారం ఇరవై పోయింది, చాలుతుంది, కరెంటు పోయినా చాలుతుంది, కానీ టవరు దగ్గర కరెంటు పోతే, ఇప్పుడు టవరు సంగతి ఎందుకు, కూర్చో, కూర్చో, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చో. భూమిక బడి నడిపే దివ్యశ్రీ మేడం నవ్వుతూనే చెప్పింది గానీ నవ్వులాటకి చెప్పలేదు. "మీ చేతులు మీ మాట ఇనయక్కా. వాటి మీద మీరే కూసోండ్రి," అంది. గంటసేపు చెయ్యి పెట్టొద్దు, నోరు తెరవొద్దు, కళ్లతో కూడా చెప్పొద్దు. భూమిక తన చేత్తో ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, మొదలుపెట్టి ముగిస్తే జూన్‌లో బడి తెరిచాక పెద్దపిల్లల గుంపులో కూర్చుంటుంది. లేకపోతే ఇంకో ఏడాది చిన్నవాళ్లతోనే. నాలుగున్నరేళ్లు నిండిన పిల్ల, మూడేళ్ల వాళ్ల మధ్య, అందరికంటే పొడుగ్గా, నా వల్ల. ఇంకా మూడు నిమిషాలు. నా గుండె చప్పుడు ఫోన్లో వినిపిస్తుందేమో.

భూమిక గోడకి వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చుంది, నన్నే చూస్తోంది, ఎప్పుడూ నన్నే చూస్తుంది, బుక్క మింగాలన్నా నన్ను చూసి మింగుతుంది, అత్తమ్మ అననే అంటుంది, "నువ్వు పిల్లను కన్నవా, గుడ్డు వెట్టినవా? ఎప్పుడు జూడు రెక్కల కిందనే." అనుకోనీ. ఏడాదిన్నర పిల్లప్పుడు ఒక్క క్షణం కన్ను తిప్పాను, మా ఆయన పసుపు ఉడికించే బాయిలరు ఇంటి ముందు ఆపి ఉంది, మంట ఆర్పి చాలాసేపయింది, అయినా ఆ ఇనుము వేడి వేడే, మోచేతి మీద చింతగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది, ఆ చింతగింజ నాకు రోజూ కనబడుతుంది, స్నానం చేయించేటప్పుడు కనబడుతుంది, గౌను వేసేటప్పుడు కనబడుతుంది, దాని తర్వాత నేను కన్ను తిప్పలేదు. పిల్లని నేలమీద నడవనిచ్చిన రోజులు లెక్కపెట్టొచ్చు. అట్లాంటి నేను ఈ బడిలో ఎట్లా వేశాను? ఆర్మూరులో ఎన్ని బడులున్నాయి, బస్సులొచ్చే బడులు, టైలు కట్టే బడులు, నేను ఈ రెండు గదుల బడి గడపలో నిలబడి ఆగిపోయాను. లోపల ఒక బుడ్డోడు చిన్న చెంబులోంచి గాజుగ్లాసులోకి నీళ్లు పోస్తున్నాడు, ప్లాస్టిక్ కాదు, గాజు, ఎవరూ పట్టుకోరేమి, ఎవరూ జాగ్రత్త అనరేమి, అంచుదాకా వచ్చాక వాడే ఆపాడు, కింద పడ్డ రెండు చుక్కల్ని బట్టతో తుడిచాడు, మళ్లీ మొదలుపెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాడికి అక్కర్లేదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు, మాంటిసోరీ అనే మాట నాకు సరిగ్గా పలకడం కూడా రాదు, అక్కడే పేరు రాయించాను. పక్కింటి చిన్నక్క నవ్వీ నవ్వీ కొంగు నోట్లో కుక్కుకుంది. "నీళ్లు వోసుడు నేర్పనీకి బడి గావాల్నా పిల్లా? మా ఇంటికి తోలియ్యి, బిందెలకొద్ది వోపిస్త."

భూమిక నాలుగు నెలలే బడికి పోయింది. తర్వాత కరోనా వచ్చింది, అన్నీ మూతపడ్డాయి, ఏడాది దాటింది, మిగతా బడులు ఫోన్లో ఏబీసీడీలు చెప్పాయి, ఈ బడి ఏం చెబుతుంది, అక్కడ అంతా చేత్తో పట్టుకునేదే, చెక్కలు, పూసలు, గంటలు, గుడ్డలు, ఫోన్లోంచి చెక్కని ఎట్లా పట్టుకుంటారు? నేను అనుకున్నాను, అయిపోయింది, మూసేస్తారు. మేడం మూయలేదు. సోమవారం సోమవారం ఒక చిట్టా పంపింది. చెక్క గోపురం లేకపోతే మీ ఇంట్లో గిన్నెలు ఒకదానిమీద ఒకటి. రంగుపలకలు లేకపోతే మీ రవికె ముక్కలు. చెంచాతో ఈ గిన్నెలో పెసలు ఆ గిన్నెలోకి. సీసాలకి మూతలు తీసుడు, పెట్టుడు. బట్ట మడత. చేసింది ఫోటో తీసి పంపండి, గురువారం గంటసేపు వీడియో ఫోన్లో చూపించండి. ఇదిగో ఇక్కడ నేను తప్పు చేశాను, తప్పని తెలిసే చేశాను. భూమిక చెంచా పట్టుకుంటే పెసలు కింద పడ్డాయి, పడితే నేను ఏరాను, మళ్లీ పడితే చెంచా నేను తీసుకున్నాను. ఒక చెంచా, రెండు చెంచాలు, ఒక్క గింజ కింద పడకుండా ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా పోశాను, ఎంత హాయిగా ఉందో, ఎవరితో చెప్పను, ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు, అప్పటినుంచి నా చేతిలోకి వచ్చింది ఏదైనా పనిగానే వచ్చింది, ఆటగా వచ్చింది ఇదొక్కటే. రోజూ మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక ఆ వారం చిట్టా మొత్తం నేను చేసేదాన్ని. బట్ట మడిచాను, నాలుగు మూలలూ సూది మొనల్లా కలిశాయి. గిన్నెల గోపురం కట్టాను, పదకొండు గిన్నెలు. పిల్ల లేచాక దాని పక్కన కూర్చోబెట్టి ఫోటో తీశాను, పెళ్లిలో అద్దెకి తెచ్చిన కుర్చీలో కూర్చున్నట్టు బిక్కచచ్చి కూర్చునేది. పంపాను. బాగుందని జవాబు వస్తుందని రాత్రిదాకా ఫోను చూసుకునేదాన్ని. మేడం ఫోను చేసింది.

"అక్కా, గీ బట్ట ఎవలు మడిచిండ్రు?"

"భూమికనే మేడం."

"నాలుగేండ్ల చెయ్యి గిట్ల మడవదక్కా. నేను గూడ మడవలేను. మస్తు మడిచిండ్రు మీరు," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను, అందులోనే ఎక్కడో, చెప్పకూడదు గానీ, పొంగిపోయాను కూడా. కానీ ఆ తర్వాత అడిగిందే నిద్ర పోనివ్వలేదు. ఇన్ని నెలల్లో భూమిక గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదక్కా, అంది. నిజమే. ఇంట్లో బాపమ్మతో, అంటే మా అత్తమ్మతో, లొడలొడా మాట్లాడుతుంది, ఫోను ముందర పెదవులు అతుక్కుంటాయి. నేను జవాబు చెప్పేస్తాను. ఎట్లున్నవ్ భూమికా అంటే మంచిగున్న మేడం అని నేనే అంటాను, గొంతు సన్నగా చేసి. పిల్లకి నోరు పడిపోతోందేమో, కొత్తవాళ్లని చూడక మతి ఏమైనా, అనుకున్నాను, నిజామాబాదులో దవాఖానకి తీసుకుపోయాను, డాక్టరు గొంతులో బ్యాటరీ లైటు వేసి చూసి పిల్ల మంచిగుంది అని నా వైపు చూశాడు. నా వైపు ఎందుకు చూశాడు?

మోగింది. మోగింది! పచ్చబొత్తం నొక్కాను, నొక్కి వెంటనే వెనక్కి జరిగి చేతుల మీద కూర్చున్నాను. మేడం మొహం, వెనక బడి గోడ, ఎంత దగ్గరగా ఉందో, చెవుల కమ్మలు కూడా కనబడుతున్నాయి. నన్ను పలకరించలేదు. భూమికకి మాత్రమే దండం పెట్టింది. పది ఎర్రకర్రలు చూపించింది, చిన్నదాని పక్కన దానికంటే పెద్దది, దాని పక్కన ఇంకా పెద్దది, మెట్లు మెట్లుగా పేర్చింది, ఏమీ మాట్లాడకుండానే, తర్వాత అన్నీ కలిపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇప్పుడు నీది," అంది. అంతే. మా ఇంట్లో ఎర్రకర్రలు ఎక్కడివి, కొమ్ములే కర్రలు, బుధవారం పొద్దున పసుపు ఎండబోసిన కల్లంలో గంటసేపు ఏరాను, వేలు పెట్టి కొలిచి కొలిచి, ఒకదానికీ ఇంకోదానికీ పెసరగింజంత తేడా, ఎంత ముచ్చటగా కుదిరాయో. మా ఆయన లోకేశ్ ఏర్గట్ల దగ్గర బాయిలరు మీద ఉన్నాడు, చిన్నఫోను పట్టుకుపోయి పెద్దఫోను వదిలిపోయాడు, ఎవరైనా ఫోను ఎత్తలేదేమని అడిగితే "ఇయ్యాల బేస్తారం, నా పెండ్లాం బడికి పోతది" అంటాడట, అందరూ నవ్వుతారట. నవ్వనీ. భూమిక నన్ను చూసింది. నేను క్యాలెండరు చూశాను. మార్చి, మార్చి, పద్దెనిమిది. ఇంకా నన్నే చూస్తోంది, చెంప మీద తెలుస్తోంది ఆ చూపు, ఎండ తగిలినట్టు. నేను పంతొమ్మిది చూశాను. ఇరవై చూశాను. నెల అయిపోయేలా ఉంది. అప్పుడు పళ్లెం కదిలిన చప్పుడు.

తీసింది! చిన్నది తీసింది, అన్నిటికంటే చిన్నది, అదే, అదే ముందు తీయాలి, నా బంగారం, ఎట్లా తెలిసింది, ఇప్పుడు దాన్ని చాప మీద పెట్టు, పెట్టు తల్లీ, రెండు చేతులతో పట్టుకుంది, రెండు చేతులెందుకు, ఏం చేస్తోంది, టప్.

విరిచేసింది. నా పది కొమ్ముల్లో ఒకటి రెండయింది. మేడం చూస్తోంది, మేడం ఏమీ అనడం లేదు, అంటే అయిపోయినట్టే కదా, మెట్లు కట్టమంటే మెట్టు విరగ్గొట్టింది, పిల్లకి చెప్పింది అర్థం కావడం లేదు, నాకు తెలుసు, మొదటినుంచీ తెలుసు, పైకి లేస్తున్నాను, లేవకూడదు, అరచేతులు నొప్పెడుతున్నాయి, గాజులు గుచ్చుకుంటున్నాయి. భూమిక విరిగిన చోట చూస్తోంది, లోపల నారింజ రంగు, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది, చాప మీద కుడివైపు పెట్టింది. రెండోది తీసింది. ఇది విరగలేదు, ముఖం ఎర్రబడింది, వదిలేస్తుంది, ఏడుస్తుంది, ఏడవలేదు, చాప అంచు మడిచి గచ్చు మీద కొట్టింది, ఖణ్. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ కొట్టింది. ఖణ్. కుడివైపు. మూడోది. ఖణ్. నాలుగోది. కొలత కాదు, పొడుగు కాదు, మెట్లు కాదు, ఇది వేరే, ఇది నేను ఎక్కడో చూశాను, ఎక్కడేమిటి, రోజూ చూస్తున్నాను, కల్లంలో అత్తమ్మ ఇట్లాగే కదా, గుప్పెడు తీసి ఒకటి విరిచి, మిగతావి బండకేసి కొట్టి చెవి ఒగ్గి వింటుంది, ఎండిన కొమ్ము గంటలా పలుకుతుంది, భూమిక అక్కడే బోర్లించిన గంప మీద కూర్చుని ఉంటుంది, నేను ఎండ తగులుతుందని కొంగు కప్పడంలో ఉంటాను, అది ఏం చూస్తోందో నేను ఎప్పుడు చూశాను? ఐదు, ఆరు, ఏడు, ఖణ్, ఖణ్, ఖణ్, నాకు ఒళ్లంతా పులకరిస్తోంది, మేడం ఫోనుకి ఇంకా దగ్గరగా జరిగింది, తెరంతా ఆమె చెవి, నిజంగానే చెవి పెట్టి వింటోంది, ఎనిమిది, తొమ్మిది. పదోది పెద్దది. నా మధ్యవేలిని మించినది. కొట్టింది. దబ్.

దబ్? మళ్లీ కొట్టింది. దబ్. మట్టి మీద మట్టి పడ్డట్టు. అయ్యో, అది నేను తెచ్చిందే, తొమ్మిది పాతకుప్పలో దొరికాయి, అంత పొడుగుది దొరక్క మొన్న ఉడికించి పరిచిన కొత్తకుప్పలోంచి తీశాను, పొడుగు చూశాను గానీ ఎండిందా లేదా చూడలేదు, పసుపు ఇంట్లో పుట్టి పసుపు ఇంటికి వచ్చి, కొమ్ముని వేలితో కొలిచిన తెలివితక్కువదాన్ని నేనే. అత్తమ్మ వింటే ఏమంటుంది. ఎండని కొమ్ము ఒక్కటి సంచిలో పడితే సంచి సంచంతా బూజు పడుతుంది, ఆమె రోజుకి పదిసార్లు చెప్పే మాట. భూమిక ఆ కొమ్ముని ఎడమవైపు పెట్టింది. ఎడమవైపు అదొక్కటే. దాన్ని చూసింది. కుడివైపు చూసింది. లేచింది. కొమ్ము పట్టుకుంది. గడప దాటింది.

బయటికి పోయింది! చాప ఖాళీ. ఫోన్లో మేడం, గదిలో నేను, పిల్ల లేదు. నేను సగం లేచాను. "మేడం, అది బయటికి," అన్నాను, నోరు తెరిచేశాను, తెరిచేశాను కదా.

"కల్లంల ఎవలున్నరక్కా?"

"మా అత్తమ్మ."

"మరి కూసోండ్రి."

కూర్చున్నాను. ఎట్లా కూర్చున్నానో నాకు తెలియదు. కల్లం సందు అవతలే, ఇరవై అడుగులు, పెద్దవాళ్ల ఇరవై, దానివి నలభై, కానీ సందులో ట్రాక్టర్లు వస్తాయి, మార్కెట్టుకి సంచులేసుకుని పోతాయి, డ్రైవర్లకి కింద ఉన్న పిల్లలు కనబడరు, గుట్ట మీది కోతులు దిగుతాయి, చేతిలో ఏముంటే అది గుంజుకుంటాయి, పిల్ల ఇవ్వదు, గట్టిగా పట్టుకుంటుంది, చెప్పులు, చెప్పులు వేసుకోలేదు, గాజుపెంకు, తేలు, వట్టికాళ్లు, వినపడుతున్నాయి, పట్ పట్ పట్, సన్నగా, వినపడుతున్నాయి, ఆగిపోయాయి. ఎందుకు ఆగాయి? ట్రాక్టరు. ట్రాక్టరు శబ్దం, ఎటు నుంచి, పెద్దదవుతోంది, మా గోడ అదురుతోంది, పళ్లెం కొద్దిగా గలగలమంటోంది, ఆగింది అంటే పక్కకి నిలబడిందా, నిలబడమని నేను ఎప్పుడైనా చెప్పానా, లేదు, నేను ఎత్తుకునే కదా దాటించాను, ఎన్నడూ కింద దింపలేదు కదా, ఎవరు చెప్పి ఉంటారు, మేడం నన్నే చూస్తోంది, ఆమె మొహంలో కూడా ఏదో, ఆమె కూడా వింటోంది, ఆమె కూడా భయపడుతోంది, అయినా చేతులు ఒళ్లోనే ఉన్నాయి, ఇద్దరు ఆడవాళ్లం ఒక ఖాళీ చాపకి అటూ ఇటూ ఊపిరి బిగబట్టుకుని, ట్రాక్టరు పోయింది, పోతోంది, చిన్నదవుతోంది, పోయింది. తర్వాత పట్ పట్ పట్. ఓ దేవుడా. పట్ పట్ పట్ పట్. అవతల అత్తమ్మ గొంతు, "ఏందే పొల్లా?" ఇంకో చిన్న గొంతు ఏదో అంది. అత్తమ్మ పెద్దగా నవ్వింది. "ఎవలు తెచ్చిండ్రే దీన్ని? మీ అమ్మనా? పసుపు ఎరుగని పరాయిదానికన్న తక్కువనే పో!" తిట్టనీ, ఎంతైనా తిట్టనీ, ఆ తిట్టు విని నాకు నవ్వు, కన్నీళ్లు, రెండూ ఒకేసారి, తుడుచుకోవడానికి చెయ్యి తీయకూడదు, బుగ్గల మీంచి కారనిచ్చాను.

గడప దగ్గర నీడ. లోపలికి వచ్చింది, కాళ్లకి దుమ్ము, చేతులు ఖాళీ. నన్ను చూడలేదు. చాప మీదికి పోయి మోకాళ్ల మీద కూర్చుని నేరుగా ఫోనులోకి చూసింది.

"అది ఎండలే," అంది.

అంది. ఫోనుతో అంది! మేడం కదలలేదు. నేను కదల్లేదు. నేను చెప్పేదాన్ని, ఇంకో రోజైతే వెంటనే చెప్పేదాన్ని, అంటే మేడం దాని అర్థం ఏమిటంటే అని మొదలుపెట్టేదాన్ని, పళ్లు కరుచుకున్నాను.

"ఎట్ల తెలిసింది?" మేడం గొంతు గుసగుసలా ఉంది.

"చప్పుడు రాలే. ఎండకేసిన." ఒక కొమ్ము తీసి గచ్చు మీద కొట్టింది, ఖణ్. "గిట్ల రావాలె. ఇనవడ్డదా?"

"మల్లొకసారి కొట్టు."

కొట్టింది. "ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

"ఆఁ," అంది భూమిక, అంత పెద్దమనిషిలా, చీటీ చదివిన డాక్టరులా. ఎనిమిది కొమ్ములూ పళ్లెంలో వేసింది, విరిగిన ముక్కలు రెండూ ఏరి వేసింది, పళ్లెం పక్కకి జరిపింది, చాపని ఒక కొస నుంచి చుట్టడం మొదలుపెట్టింది, వంకరగా పోయింది, విప్పింది, మళ్లీ చుట్టింది, ఇంకా వంకరే, అయినా చుట్ట చుట్టి గోడకి నిలబెట్టింది, అది జారి పడింది, మళ్లీ నిలబెట్టింది. నా వేళ్లు తొడల కింద మెలితిరుగుతున్నాయి, ఆ వంకర చూస్తుంటే, ఒక్క లాగు లాగితే సరిపోతుంది, లాగలేదు. "అయిపోయింది," అని చెప్పింది ఫోనుకి, వేలు చాపి ఎర్రబొత్తం నొక్కేసింది. తెర నల్లబడింది. ఇంకా ఇరవై రెండు నిమిషాలున్నాయి! గంట అంది మేడం, గంట నిండలేదు, మధ్యలో కోసేసింది, ఏమనుకుంటుంది, మర్యాద నేర్పలేదంటుంది, మెట్లు కట్టనే లేదు, చెప్పిన పని ఒక్కటీ చేయలేదు, చేసింది, చేసింది గానీ వేరే పని, వేరే పని లెక్కలోకి వస్తుందా, నేను మాట్లాడాను కూడా, ఒక్కమాట, అది లెక్కలోకి వస్తే, మళ్లీ నేనే ఫోను చేసి చెబితే, మేడం తప్పయింది అని నేనే ఇప్పుడే...

ఫోను మోగింది. తెర మీద మేడం బొమ్మ, ఈసారి వీడియో కాదు, మామూలు ఫోను. రెండుసార్లు మోగింది. నా చెయ్యి దానంతట అదే బయటికి వచ్చింది, ఫోను దాకా పోయింది, ఆగింది. మూడు.

"ఎవలికే?" అని అడిగాను.

"నాకు," అంది భూమిక. రెండు చేతులతో ఎత్తి చెవికి ఆనించుకుంది, తలకిందులుగా పట్టుకుంది, అదే తిప్పుకుంది. నాకు మేడం మాట వినపడటం లేదు, భూమిక మాటే వినపడుతోంది.

"ఆఁ... ఆఁ... తింట. పప్పు... ఎవలు? పెద్దోళ్లా?" కిటికీ వైపు తిరిగి నిలబడింది, నాకు వీపే కనబడుతోంది, చిన్న వీపు, గౌను వెనక ఒక గుండీ ఊడి ఉంది. "వస్త," అంది. మళ్లీ విన్నది. తల అడ్డంగా ఊపింది, ఫోన్లో తల ఊపితే కనబడదని దానికి ఇంకా తెలియదు.

"లేదు. అమ్మ రాదు. నేనే వస్త."